చేరకముందే పే స్లిప్ అడగండి

ప్రభుత్వ నైపుణ్య కేంద్రాల్లో ఉచిత శిక్షణ అన్న మాటలో సగమే నిజం. ఫీజు కట్టక్కర్లేదు, హాస్టల్లో ఉండొచ్చు, యూనిఫారం, పుస్తకాలు సెంటర్ వాళ్ళే ఇస్తారు, తిండి పెడతారు. ఇదంతా సరే. కానీ ఇరవై ఏళ్ళ కుర్రాడు మూడు నెలలు పని మానుకుని క్లాసులో కూర్చుంటే ఆ మూడు నెలల కూలి ఇంటికి రాదు. పొగాకు బ్యారన్ దగ్గరో, పామాయిల్ గెలలు కోసే ముఠాలోనో, సెంట్రింగ్ పనిలోనో వచ్చే డబ్బు అది. ఇంట్లో అప్పటికే చీటీ బాకీ, డ్వాక్రా వాయిదా ఉంటే ఆ కూలి లేని లోటు చిన్నదేం కాదు. అంటే ప్రభుత్వం డబ్బుతో నడిచే శిక్షణలో మీ ఇంటి పెట్టుబడి కూడా ఉంది. పెట్టుబడి పెట్టినవాళ్ళు లెక్క అడగాలి.

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. గోదావరి జిల్లాలనగానే బయటివాళ్ళకు కాలవలు, వరిచేలు గుర్తొస్తాయి. మనది బోర్ల మీద బతికే మెట్ట. ఒకపక్క పొగాకు, పామాయిల్, కోకో, మొక్కజొన్న. ఇంకోపక్క బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం దాకా ఏజెన్సీ. అక్కడి కోయ, కొండరెడ్డి కుటుంబాల పిల్లలు ఏ పథకం కావాలన్నా కోట రామచంద్రాపురంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వైపే చూస్తారు. తాడువాయిలాంటి పునరావాస కాలనీలకు వచ్చిన పోలవరం ముంపు కుటుంబాల్లో, ఊరితోపాటు అడవినీ పొలాన్నీ తెలిసిన పనినీ వదిలేసి వచ్చిన కుర్రాళ్ళున్నారు. మన ఊరికి రైలు లేదు. ఏ కంపెనీకి వెళ్ళాలన్నా ముందు ఏలూరు దాకానో రాజమండ్రి దాకానో బస్సెక్కాలి. ఇలాంటిచోట శిక్షణ తర్వాత ఉద్యోగం అంటే చాలాసార్లు ఊరు వదలడమనే అర్థం. ఆ సంగతి మొదటిరోజే విప్పి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక్కడి పిల్లలకు ఎక్కువగా వినిపించే పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014 సెప్టెంబరు 25న మొదలైంది. పల్లెల్లోని పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళ కోసం పెట్టారు. ఆడవాళ్ళకు, కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన తెగలవాళ్ళకు, వికలాంగులకు 45 దాకా సడలింపు ఇచ్చారు. సగం సీట్లు ఎస్సీ, ఎస్టీలకు, మొత్తం మీద మూడోవంతు మహిళలకు అని నిబంధన. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. 2015 జూలైలో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ఇంకొకటి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే కోర్సులు మరికొన్ని. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతుంటాయి, వాటిని గుర్తుపెట్టుకోవడం మన పని కాదు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఈజీఎంఎం అనే మిషన్ పెట్టి, పల్లె పిల్లలకు మూడు నెలల్లో ఇంగ్లీషు, కంప్యూటర్, ఆఫీసులో మెలిగే పద్ధతి నేర్పి పంపిన రోజుల నుంచి నడక మాత్రం ఒకటే. ఊళ్ళో పిలుపు, కేంద్రంలో బ్యాచ్, ఆఖర్న ప్లేస్‌మెంట్. ఇందులోని లోపం కూడా అప్పటి నుంచీ ఉన్నదే. ఉద్యోగం గురించిన అసలు సంగతులు ఆఖర్న బయటపడతాయి. అవి మొదట్లోనే తెలిస్తే శిక్షణ సగం బాగుపడుతుందని నా నమ్మకం.

నమ్మకానికి ఆధారం కూడా ఉంది. బిహార్, జార్ఖండ్‌లలోని దీన్‌దయాళ్ కేంద్రాల్లో కొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొన్ని బ్యాచ్‌లకు శిక్షణలో భాగంగా రెండు సమావేశాలు పెట్టి, రాబోయే ఉద్యోగాల వివరాలు మామూలుగా చెప్పేదానికంటే విపులంగా చెప్పారు. మిగతా బ్యాచ్‌లను ఎప్పటిలాగే నడవనిచ్చారు. వివరం తెలిసినవాళ్ళు చేరిన ఉద్యోగంలో నిలబడే అవకాశం 18 శాతం ఎక్కువని తేలింది. ఉద్యోగం గురించి గొప్పగా ఊహించుకున్నవాళ్ళు ప్లేస్‌మెంట్ దాకా రాకుండా ముందే తప్పుకున్నారు. సెంటర్ నడిపేవాళ్ళకు ఇది నష్టంగా కనిపించొచ్చు, బ్యాచ్ బలం తగ్గుతుంది కదా. అభ్యర్థి వైపు నుంచి చూడండి. రెండోవారంలో మానేసినవాడికి పోయేది రెండు వారాలు. శిక్షణంతా పూర్తిచేసి, చెన్నై దాకా వెళ్ళి, ఇరవై రోజుల్లో సంచి సర్దుకుని తిరిగొచ్చినవాడికి నాలుగు నెలలు పోతాయి. ఇంట్లో మాటపడతాడు. మళ్ళీ ఇంకో కోర్సు పేరెత్తడానికి మొహం చెల్లదు.

సరే, ఏం అడగాలి? పంచాయతీ ఆఫీసు దగ్గర, సెంటర్ తరఫున పిల్లల్ని చేర్చే మొబిలైజర్ కరపత్రాలు పంచుతున్నాడనుకోండి. డ్వాక్రా సంఘాల పని చూసే వెలుగు వీఓఏ నలుగురు తల్లుల్ని పిలుచుకొచ్చి ఉంటుంది. ఒకామె అడుగుతుంది.

"జీతం ఎంతిత్తారండీ?"

"పద్నాలుగు వేలమ్మా. రూమ్ కూడా కంపెనీయే చూత్తాది."

అంతటితో మాట అయిపోతుంది. అసలు అక్కడి నుంచి మొదలవ్వాలి. పద్నాలుగు వేలు అంటే చేతికొచ్చేదా, కాగితం మీదదా? కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను కూడా కలిపి చెప్పే లెక్క ఒకటుంటుంది. దాన్ని సీటీసీ అంటారు. కోతలకు ముందు జీతం గ్రాస్. చేతికొచ్చేది టేక్ హోమ్. మూడింటికీ మధ్య వేలల్లో తేడా ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. గ్రాస్ 14,000 అనుకోండి. అందులో పీఎఫ్ లెక్కకు వచ్చే మూలవేతనం 12,000 అయితే దాని మీద 12 శాతం, అంటే 1,440 కోస్తారు. ఈఎస్‌ఐకి ఉద్యోగి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. రూమ్ కంపెనీయే చూస్తుందన్నారు కానీ ఉచితమని అనలేదు. నెలకు 2,000 తీసుకుంటుందనుకుందాం. మెస్‌కు 3,000. మిగిలింది 7,455. ఫోన్ రీఛార్జి, సబ్బులు, పండక్కి ఊరు రావడానికి బస్సు ఖర్చు ఇందులోంచే. ఇంటికి నెలకు ఐదు వేలు పంపగలిగితే గొప్ప. ఈ ఐదు వేలను జంగారెడ్డిగూడెంలో ఉండి, ఇంట్లో తిని, నెలకు ఇరవై రోజులు చేసే కూలిపనితో పోల్చండి. కొందరికి బయటి ఉద్యోగమే మేలనిపిస్తుంది. పీఎఫ్ జమవుతుంది, ఈఎస్‌ఐ కింద ఆసుపత్రి దొరుకుతుంది, ఏడాది అనుభవంతో జీతం పెరుగుతుంది, ఎండలో పని తప్పుతుంది. కొందరికి అనిపించదు. ఏదైనా తప్పు కాదు. లెక్క తెలిసి ఎంచుకోవడం ముఖ్యం.

ఈ లెక్కను నోటిమాటతో తేల్చుకోకండి. ఇదివరకటి బ్యాచ్‌లో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళ పే స్లిప్ ఒకటి చూపించమనండి, పేరు, ఖాతా నంబరు కనబడకుండా. "మా దగ్గర అలాంటివి ఉండవు" అంటే ఒప్పుకోవద్దు. దీన్‌దయాళ్ పథకంలో ఒక అభ్యర్థికి ఉద్యోగం ఇప్పించామని చూపించుకోవాలంటే, అతను మూడు నెలలు పనిచేసినట్టు జీతం కాగితాలు సెంటర్ వాళ్ళు పెట్టాల్సిందే. ప్రభుత్వానికి చూపించే కాగితాన్ని మీకు చూపించడానికి అభ్యంతరం దేనికి? అలాగే పాత బ్యాచ్ వాళ్ళ ఫోన్ నంబర్లు, వాళ్ళను అడిగి, ఇప్పించమనండి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళతో మాట్లాడండి. వెనక్కొచ్చేసినవాళ్ళతో తప్పకుండా మాట్లాడండి. ఎన్ని గంటలు నిలబడాలి, నైట్ షిఫ్ట్ ఎన్నాళ్ళకోసారి, ఓవర్‌టైమ్ డబ్బు విడిగా ఇస్తారా, ఒక్కో రూమ్‌లో ఎంతమంది, ఫ్యాక్టరీలో చలా వేడా, సూపర్‌వైజర్ ఏ భాషలో మాట్లాడతాడు, తిండి మనకు పడుతుందా అన్నవి కరపత్రంలో ఉండవు. వెళ్ళొచ్చినవాడు ఐదు నిమిషాల్లో చెప్తాడు.

అడిగితే సీటు పోతుందేమోనని మనవాళ్ళు భయపడతారు. పోదు. సెంటర్‌కు బ్యాచ్ నింపుకోవడం అవసరం, మీకంటే వాళ్ళకే ఆ తొందర ఎక్కువ. మర్యాదగా, "సార్, మా నాన్నగారికి చూపించాలండి, పే స్లిప్ ఒకటి కావాలండి" అంటే చాలు. అంతమాత్రానికే విసుక్కునే సెంటర్ అయితే అది కూడా ఒక సమాచారమే.

ఆడపిల్లల విషయంలో లెక్క ఇంతటితో తేలదు. ఒడిశాలో దీన్‌దయాళ్ పథకంలోనే శిక్షణ పొందినవాళ్ళ మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. ఉద్యోగం వద్దనడానికి, చేరి మానేయడానికి అమ్మాయిలు చెప్పిన కారణాల్లో కుటుంబం ముఖ్యమైనది. ఇది మనకు కొత్త సంగతేం కాదు. మనదగ్గర తల్లిదండ్రులు మూడు నెలల కోర్సుకు సరేనంటారు, ఎందుకంటే హాస్టల్ దగ్గర్లోనే ఉంటుంది, ఆదివారం వెళ్ళి చూసి రావచ్చు. ఆఫర్ లెటర్ మీద శ్రీసిటీ అనో, తిరుప్పూర్ అనో, అచ్యుతాపురం అనో కనబడగానే "మన అమ్మాయిని అంత దూరం ఎలా పంపుతాం" అంటారు. అప్పుడు ఆ పిల్ల నేర్చుకున్న కుట్టుమిషన్ పనీ, పడ్డ కష్టమూ గంగలో కలుస్తాయి.

అమ్మానాన్నలకు ఒక మాట. మీ అమ్మాయిని కోర్సులో చేర్చే రోజే ఉద్యోగం ఎక్కడని అడగండి. ఆ దూరానికి ఒప్పుకోలేకపోతే ఆ రోజే చెప్పి, దగ్గర్లో పని దొరికే కోర్సు వెతుక్కోండి. ఒప్పుకుంటే తర్వాత మాట మార్చకండి. కంపెనీ హాస్టల్ చూసి రావడానికి తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్ళమని సెంటర్‌ను అడగండి. బ్యాచ్‌కు ఇద్దరు తల్లులు వెళ్ళొచ్చి ఊళ్ళో చెప్పే మాట ముందు ఏ కౌన్సెలింగూ నిలవదు. అమ్మాయిలకు ఇంకో మాట: ఒక్కరే వెళ్ళే ఉద్యోగం కంటే మీ ఊరి నుంచి, పక్క ఊరి నుంచి నలుగురైదుగురు కలిసి వెళ్ళే ఉద్యోగాన్ని ఎంచుకోండి. జీతం ఐదొందలు తక్కువైనా పర్వాలేదు, ఒంటరితనంతో వెనక్కి రావడం తప్పుతుంది.

శిక్షణ మొదలయ్యాక చూసుకోవాల్సినవి కొన్నే. బయోమెట్రిక్ వేలిముద్ర వేసి వెనక బెంచీలో కూర్చోవడం హాజరు అవుతుందేమో, నేర్చుకోవడం కాదు. ఎలక్ట్రీషియన్ కోర్సులో వారం గడిచినా చేతికి టెస్టర్ రాకపోతే, నర్సింగ్ సహాయకుల కోర్సులో రోగి మంచం మీద దుప్పటి మార్చడం కూడా బొమ్మలోనే చూపిస్తే, గట్టిగా అడగాల్సిందే. అసలైన పనిచోట గడిపే రోజులు ఎన్ని అన్నది కోర్సు విలువ తేల్చే ప్రశ్న. కొలంబియా దేశంలో 2001 నుంచి 2005 దాకా నడిచిన ఒక పథకంలో, పట్టణాల్లోని పేద యువతకు మూడు నెలలు తరగతి, మూడు నెలలు నిజమైన సంస్థలో పని ఇచ్చారు. తర్వాత లెక్క తీస్తే, శిక్షణ దొరికిన అమ్మాయిల సంపాదన దొరకనివాళ్ళ కంటే దాదాపు 20 శాతం పెరిగింది. తరగతి ఒక్కటే ఉంటే అంత ఫలితం వచ్చేదా అన్నది నా అనుమానం. మీ కోర్సులో ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఎన్నిరోజులుందో, ఏ సంస్థలో చేయిస్తారో కాగితం మీద చూడండి. పదిరోజులుండి, ఆ పదిరోజుల్లో మిమ్మల్ని ఫైళ్ళు మోయించే పనికి పెడితే ఫిర్యాదు చేయండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది చాలామందికి తెలియదు. ముందు సెంటర్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కదలకపోతే సీడాప్ జిల్లా సిబ్బందికి, గిరిజన విద్యార్థులైతే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి చెప్పండి. ఏలూరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టొచ్చు. ఒక్కరు ఇచ్చే అర్జీ కంటే బ్యాచ్‌లో పదిమంది సంతకాలతో ఇచ్చేదానికి బరువెక్కువ.

బ్యాంకు ఖాతా సంగతి చిన్నదని వదిలేయకండి. కౌశల్ వికాస్ యోజనను 2015 నుంచి 2022 దాకా తనిఖీ చేసిన కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. అభ్యర్థుల్లో 94 శాతానికి పైగా మంది రికార్డుల్లో బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉందని అందులో రాశారు. ఢిల్లీ స్థాయిలో అదొక కుంభకోణం వార్త. మీ స్థాయిలో దాని అర్థం ఒకటే: రిజిస్ట్రేషన్ రోజున కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి మీ ఖాతా నంబరు ఏం కొట్టాడో తెర మీద మీ కళ్ళతో చూసుకోండి. పేరు, పుట్టినతేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందా, ఆధార్‌లోనూ అలాగే ఉందా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందూ, ఒకచోట పొడి అక్షరంగానూ ఉంటే రేపు పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు ఏడిపిస్తుంది.

ఇక ఉద్యోగంలో చేరాక మొదటి మూడు నెలలు. మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ మూడు నెలల్లోనే మానేస్తారు. మొదటి జీతం చేతికొచ్చేలోపు అద్దె, తిండి ఖర్చులకే కాళ్ళు విరుగుతాయి. అందుకనే దీన్‌దయాళ్ పథకం 2016 మార్గదర్శకాల్లో ప్లేస్‌మెంట్ తర్వాతి సాయం కింద నెలకు 1,000 రూపాయలు పెట్టారు. సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే మూడు నెలలు, రాష్ట్రం దాటితే ఆరు నెలలు. మీ బ్యాచ్‌కు వర్తించే మొత్తం ఎంతో, ఖాతాలో ఏ నెలలో పడుతుందో వెళ్ళేముందే రాయించుకోండి. ఇది దానం కాదు, పథకంలో మీకు రాసి ఉన్న డబ్బు.

నియామక పత్రం లేకుండా పనిలో చేరకండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అది ఇవ్వాలి. పీఎఫ్ కోస్తున్నారంటే మీకు యూఏఎన్ నంబరు ఉంటుంది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, కోసిన డబ్బు, కంపెనీ వాటా రెండూ పడుతున్నాయో లేదో నెలనెలా చూసుకోండి. ఉద్యోగం మారినా అదే యూఏఎన్ కొనసాగించాలి. మారిన ప్రతిచోటా కొత్త నంబరు తీయించుకుంటే డబ్బంతా ముక్కలైపోతుంది.

సంక్రాంతి గురించి చెప్పకపోతే ఈ జిల్లాల్లో ఉద్యోగ సలహా పూర్తవదు. డిసెంబరులో చేరినవాడు జనవరి పదమూడుకి భోగిమంటకు ఊరొస్తాడు. కోడిపందేలు, చుట్టాలు, కొత్త బట్టలు. నాలుగు రోజుల సెలవు పదిరోజులవుతుంది. తర్వాత ఫోన్ చేస్తే కంపెనీ వేరేవాణ్ణి పెట్టుకుందంటుంది. కుదిరితే పండక్కి ముందు చేరకండి, పండగ తర్వాత చేరతానని అడగండి. చేరిపోయి ఉంటే సెలవు కాగితం మీద పెట్టించుకుని, తిరుగు టికెట్ వెళ్ళేరోజే కొనుక్కుని రండి.

ఇక్కడిదాకా అభ్యర్థుల సంగతి. కేంద్రాలు నడిపేవాళ్ళకు, వాటిని చూసే అధికారులకు చెప్పాల్సింది కూడా ఉంది. పండగొక్కటే కాదు, ఇక్కడి పంటల క్యాలెండర్ కూడా పట్టించుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మెట్టలో పొగాకు కొట్టడం, బ్యారన్ కాల్చడం, ఆకు గ్రేడింగ్. ఏడాదిలో చేతినిండా కూలి దొరికే రోజులవి. ఆ రోజుల్లో పేద ఇంటి కుర్రాడితో బ్యాచ్ మొదలుపెట్టి, హాజరు లేదని తలపట్టుకోవడం దేనికి? పని పలచబడ్డాక మొదలుపెడితే అదే కుర్రాడు నిలుస్తాడు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు టార్గెట్ పూర్తికావాలనే తొందర పైనుంచి వస్తుందని తెలుసు. ఆ తొందర వల్లే బ్యాచ్‌లు ఖాళీ అవుతున్నాయి.

రెండోది, ఏ కోర్సు పెట్టాలన్నది. హైదరాబాద్‌లో షాపింగ్ మాల్‌కు, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి పంపే కోర్సులు ఉండాల్సిందే. కానీ ఇక్కడే ఉండిపోయేవాళ్ళ మాటేమిటి? జంగారెడ్డిగూడెం రోడ్డు మీద ఏదైనా మోటారు వైండింగ్ షాపు ముందు ఎండాకాలంలో ఒక గంట నిలబడండి. బోరులోంచి తీసిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడి ఉంటాయి. కాలిపోయిన పాత తీగను లాగేసి, స్టేటర్ స్లాట్లలోంచి కొత్త తీగను ఒక్కో చుట్టూ చేత్తోనే ఎక్కించాలి. చుట్టు లెక్క తప్పినా, తీగ మీది పూత గీసుకున్నా మోటారు నీళ్ళలో దిగిన రోజే పోతుంది. రైతు పక్కనే నిలబడి "ఎప్పటికిత్తావు బాబూ, తోట ఎండిపోతంది" అంటుంటాడు. ఆ షాపులో పనిచేసే కుర్రాడు ఏ కేంద్రంలోనూ చదవలేదు, మేస్త్రీ దగ్గర మూడేళ్ళు ఉండి నేర్చుకున్నాడు. అతని చేతిలో సర్టిఫికెట్ లేదు కాబట్టి బ్యాంకు అప్పు దొరకడం, సొంత షాపు పెట్టుకోవడం కష్టం. ఇలాంటివాళ్ళకు కావాల్సింది మూడు నెలల కోర్సు కాదు. కౌశల్ వికాస్ యోజనలో ఉన్న పూర్వ నైపుణ్య గుర్తింపు పద్ధతిలో కొద్దిరోజుల తర్ఫీదు ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. మెట్టలో ఆ పని చేసిపెట్టే కేంద్రం ఒక్కటి గట్టిగా నడిచినా మోటారు వైండర్లు, ట్రాక్టరు మెకానిక్‌లు, డ్రిప్ పైపులు వేసేవాళ్ళు ఎంతమంది లాభపడతారో!

పామాయిల్ గెలల కోత ఇంకొకటి. పది పదిహేను రోజులకోసారి ఏడాది పొడవునా కోత ఉంటుంది. చెట్టు పొడవెక్కేకొద్దీ గెడకత్తి పట్టడం కష్టమై కోసేవాళ్ళు దొరకడంలేదని రైతు గోల. మోటారు కత్తి వాడటం, మీద పడే మట్టల నుంచి, ముళ్ళ నుంచి కాపాడుకోవడం, గెల పక్వం చూసి కోయడం నేర్పి, ఐదారుగురిని ముఠాగా కట్టి, యంత్రానికి అప్పు ఇప్పిస్తే అది ఊళ్ళో ఉండే ఉద్యోగం. పామాయిల్ పరిశోధన సంస్థ మన జిల్లాలోనే పెదవేగిలో ఉంది. కోకో గింజను సరిగ్గా పులియబెట్టి ఎండబెట్టడం కూడా ఇలాంటి విద్యే. వీటిని నైపుణ్యమని ఒప్పుకోవడానికి మన అధికారులకు ఎందుకో మనసు రాదు. టై కట్టుకుని చేసేదే నైపుణ్యమనుకుంటారు.

సెంటర్లకు ఆఖరి మాట: పంపించిన పిల్లలకు ఆరునెలల పాటు నెలకోసారి ఫోన్ చేసే మనిషిని ఒకర్ని పెట్టండి. జీతం కాగితం వాట్సాప్‌లో పంపమని అడగడానికి కాదు, ఎలా ఉన్నావని అడగడానికి.

ఈ కోర్సులేవీ మీకు పొసగకపోతే ఇంకా దారులున్నాయి. పదో తరగతి పాసై, ఏడాదో రెండేళ్ళో చదవగలిగే వీలుంటే ఐటీఐ మేలు. వెల్డర్ ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు. ఆ సర్టిఫికెట్‌కు మూడు నెలల సర్టిఫికెట్ కంటే విలువ ఎక్కువ. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరొచ్చు. ఆర్టీసీ డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడ్‌లలో అప్రెంటిస్‌లను తీసుకుంటుంది, నోటిఫికేషన్ పడినప్పుడు జంగారెడ్డిగూడెం డిపోలో అడిగి చూడండి. 2019 సవరణ ప్రకారం అప్రెంటిస్‌లకు నెలకు కనీస స్టైపెండ్ చదువును బట్టి 5,000 నుంచి 9,000 దాకా. దాన్ని 6,800 నుంచి 12,300 దాకా పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫార్సు చేసింది. చేరేటప్పుడు ఎంత ఇస్తున్నారో కాంట్రాక్టు కాగితంలో చూసుకోండి. సొంతంగా షాపు పెట్టుకునే ఆలోచన ఉంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ అనే శిక్షణ సంస్థ వైపు వెళ్ళండి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాలో ఇప్పుడు దాదాపు జిల్లాకొకటి ఉన్నాయి. హాస్టల్‌తో సహా ఉచితం. మోటారు రీవైండింగ్, సెల్‌ఫోన్ రిపేరు, కుట్టుపని, పాడి వంటివి కొద్ది వారాల్లో నేర్పి, తర్వాత రెండేళ్ళ దాకా అప్పు, వ్యాపారం విషయాల్లో వెంట ఉంటారు.

దేనికి వెళ్ళినా కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా పెట్టుకోండి. ఆధార్‌కు మీ సొంత ఫోన్ నంబరు జోడించి ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే మీ పేరు మీద వచ్చే ఓటీపీలన్నీ ఇంకెవరి ఫోన్‌కో పోతాయి, ఆ ఫోన్ ఉన్నవాడే మీ బదులు కోర్సులో చేరతాడు, ఉద్యోగంలో చేరతాడు, ఉద్యోగం బాగుందని మార్కులు కూడా వేస్తాడు.